ఉత్తరం సందులో ఏడేళ్ళు: ఫెర్నులా, పూలమొక్కలా?

హైదరాబాద్‌లో మా మేడకి ఉత్తరాన, ప్రహరీకి లోపల నాలుగడుగుల సందు ఉంది. నేల నుంచి ఒక్క పువ్వు కూడా రాదనిపించే చోటు. అత్తయ్యకి పూజకి పూలు కావాలి, నాకు పచ్చగా ఉంటే చాలు. అందుకని పూలమొక్కలూ, పువ్వులు పూయని ఆకుమొక్కలైన ఫెర్నులూ రెండూ పెట్టాం.

మందారం వెలుగు కోసం మెడ సాచుకుంటూ ఆరడుగులు పెరిగింది. ఏడాది మొత్తం మీద పూసినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, పైగా పిండినల్లి పురుగు. నూరువరహాలు మా బోరు నీళ్ళకి ఆకులు పసుపెక్కి చిక్కిపోయింది. నిలిచింది నందివర్ధనం ఒక్కటే, అదీ తూర్పు కొసన పొద్దున రెండు మూడు గంటలు ఎండ తగిలేచోట. దాని పక్కనే కుండీలో కనకాంబరం కూడా బాగానే పూస్తోంది. అత్తయ్య బుట్ట ఈ రెండింటితోనే నిండుతుంది.

ఫెర్నుల కథ వేరు. రాజమండ్రి వెళ్ళినప్పుడు కడియం నర్సరీల్లో బోస్టన్ ఫెర్న్ కొని కారులో తెచ్చాను. రెండు వారాల్లో ఆకులన్నీ రాలాయి. గోదావరి తేమలో పెరిగినదానికి మా పొడిగాలి పడలేదు. మొదలుదాకా కత్తిరించి నీడలో పెడితే, నెల తిరిగేసరికి జిలేబీ చుట్టల్లాంటి చిగుళ్ళు వచ్చాయి.

అసలు దెబ్బ మేలో తగిలింది. ఉత్తరం వైపు ఏడాదంతా నీడే అనుకున్నాను. కానీ మన దగ్గర మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి జరుగుతాడు. సరిగ్గా ఎండలు మండే రోజుల్లోనే ఆ సందులో ఎండ పడుతుంది! అప్పటినుంచి ఏటా ఏప్రిల్ ఆఖరుకల్లా గ్రీన్ నెట్ కడుతున్నాను.

బోరు నీళ్ళకి ఆకుల కొసలు మాడుతుంటే ఏసీ నుంచి కారే నీళ్ళు బకెట్లో పట్టి పోస్తున్నాను, తేడా కనిపించింది. ఇంకోమాట: ఆకు వెనక వరసగా గోధుమరంగు చుక్కలుంటే పురుగనుకోకండి, అవి సిద్ధబీజాల (స్పోర్ల) గుంపులు, ఫెర్నులకి విత్తనాల బదులు ఉండేవి. నేను ఓ ఆదివారమంతా వేపనూనెతో తుడిచాను, నవ్వకండి.

ఆ ఒక్క బోస్టన్ ఫెర్న్ మొక్కే పిలకలు పెట్టి ఇప్పుడు తొమ్మిది కుండీలయింది. నా దగ్గరున్న ఇంకో రకం, బర్డ్స్ నెస్ట్ ఫెర్న్, అలా కాదు, పిలకలు పెట్టదు, పెరగడమూ నిదానమే. వానాకాలం నత్తలు దాన్ని వదలవు. రాత్రి టార్చి పట్టుకుని ఏరుకోవడమే.