రాతి మిద్దెకు సున్నమా, సిమెంటా?

ఉదయగిరి, కనిగిరి వైపు పాత మిద్దెలున్నవాళ్లు నన్ను అడిగేది ఒకటే: రాళ్ల మధ్య సందులు ఊడిపోతున్నాయి, సిమెంటుతో పూడ్చేద్దామా, మళ్లీ సున్నమే పెట్టిద్దామా? మా తాతల నాటి మిద్దెకు ఈ ఏడాదే డంగు సున్నం (ఇసుకతో కలిపి నూరిన సున్నం) పెట్టించాను కాబట్టి నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తున్నా. అయినా సిమెంటుకు రావాల్సిన మార్కులు సిమెంటుకు ఇవ్వాలి.

సిమెంటుతో పని చకచకా అయిపోతుంది. బస్తా ఏ కొట్లోనైనా దొరుకుతుంది, ఏ బేల్దారి మేస్త్రికైనా చేతికి అలవాటైన పని. సున్నం అలా కాదు. కాల్చిన సున్నపురాయిని నీళ్లలో వేసి, పొంగు చల్లారేదాకా ఉడకనిచ్చి, వారాల తరబడి మాగబెట్టి, ఇసుకతో బాగా నూరాలి. గోడకు పెట్టాక కూడా గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ తీరిగ్గా గట్టిపడుతుంది. ఈ పని తెలిసిన మేస్త్రి దొరకడమే పెద్ద టెన్షన్. గుడి పనులు చేసేవాళ్లను వెతుక్కోవాల్సిందే. డబ్బు, టైము లెక్క చూస్తే సిమెంటే నయం.

గట్టితనంలోనూ సిమెంటుదే పైచేయి. చిక్కు అక్కడే ఉంది. పాత రాతిగోడ అంటే ఒకే దిమ్మె కాదు. లోపలివైపు ఒక వరస, బయటివైపు ఒక వరస, నడుమ మట్టి, చిన్నరాళ్లు. ఎండకూ వానకూ ఆ గోడ కాస్తంత కదులుతూనే ఉంటుంది. సున్నం ఆ కదలికకు సర్దుకుంటుంది. వెంట్రుకవాసి పగుళ్లు వచ్చినా, తడి తగిలినప్పుడు సున్నం కొంచెం కరిగి మళ్లీ అక్కడే పేరుకుని వాటంతట అవే పూడుతుంటాయి. సిమెంటుకు ఆ గుణం తక్కువ. పగిలితే రాయిని వదిలేసి పట్టీలాగా విడిపోతుంది, ఆ సందులోంచి వాననీళ్లు దిగుతాయి.

నన్నడిగితే అసలు తేల్చాల్సింది గట్టితనం కాదు, తడి. ఆ ఇళ్ల పునాదుల్లో తడిని ఆపే పొర ఉండదు. నేలలోని చెమ్మ గోడలోకి ఎక్కుతుంది. మన రాయి నీళ్లు పెద్దగా పీల్చదు కాబట్టి ఎక్కినా దిగినా సందుల గుండానే. సున్నం పెట్టిన సందులోంచి ఆ చెమ్మ ఆరిపోతుంది. సిమెంటు పెడితే దారి మూసుకుపోతుంది. మా వంటింటి గోడకు ఎప్పుడో పెట్టిన సిమెంటు పాయింటింగును ఉలితో తట్టిస్తే మూరెడు మూరెడు ముక్కలుగా ఊడొచ్చింది. వెనక మట్టి మార్చి నెలలో కూడా వేలు పెడితే గుంటపడేంత మెత్తగా ఉంది!

ఆ తడి అక్కడితో ఆగదు. పైకి పాకి గోడలో కూర్చున్న దూలం కొసను పట్టుకుంటుంది. దూలం నడుమ ఎంత నిగనిగలాడుతున్నా కొస కుళ్లితే దానిమీద పరిచిన దంతెలు (అడ్డకర్రలు), వాటిమీది చవుడు మట్టి, అంతా కిందికే. అందుకే గోడ కంటే ముందు దూలం కొసల దగ్గర స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడమంటాను. దిగబడితే వడ్రంగిని పిలవండి, మేస్త్రి తర్వాత.

ఇంట్లో కనబడే సిమెంటు మొదటి నుంచీ ఉన్నదో, తర్వాత పెట్టిందో తెలియకపోతే ఒక ఆధారం. మన దేశంలో సిమెంటు తయారీ నిలదొక్కుకుంది 1914లో, పోర్‌బందర్‌లో. అంతకుముందు కట్టిన ఇంట్లో సిమెంటు కనబడితే అది తర్వాతి రిపేరు అనుకోవచ్చు. సందులోది మట్టో సున్నమో తేలకపోతే చిన్న పెళ్ల తీసి నిమ్మరసం పిండండి. సున్నం ఉంటే బుసబుస పొంగుతుంది.

ఇక మిగతావి. వాటర్‌ప్రూఫ్ రంగులు: తడి లోపలే ఉండిపోతుంది, వద్దు. ఎర్రమట్టి మెత్తడం: లోపలి గోడలకు బాగుంటుంది, ఏటా చేసుకునే ఓపిక ఉంటే. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు కింద పరిచేస్తామనేవాళ్లు చాలామంది ఉన్నారు. మెరుపు చూసి నాకూ మనసు లాగింది కానీ, నేలంతా మూసేస్తే చెమ్మ గోడల వైపే మళ్లుతుంది. నాపరాళ్లు పరిచి సందులకు సున్నం పెట్టుకోవడం మేలు.

సిమెంటు పూర్తిగా మానేయనక్కర్లేదు. పెరట్లో కొత్తగా కట్టే బాత్‌రూముకు అదే వాడండి, పాత గోడకు ఆనించకుండా.

సున్నం పనికి సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టి రోహిణి ఎండలు రాకముందే ముగించాలి. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల భయం. ఎండ ఎక్కువైతే తడి గోనెపట్టాలు కట్టాలి, లేకపోతే పైపైన ఎండి పొడిగా రాలుతుంది.

మీ ఇల్లు కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్లలోపు ఉంటే అది నిషేధిత ప్రాంతం: కొత్త కట్టడం కుదరదు, రిపేరుకైనా అనుమతి కావాలి. ఆ పైన ఇంకో 200 మీటర్ల వరకూ అనుమతి తీసుకునే ఏ పనైనా. కాగితం చేతికి వచ్చాకే ఇసుక తోలించండి.