మా 1969 షెవెల్‌కి డ్యూయల్ ఎగ్జాస్ట్: అసలు పని చేసింది ఆ మూసేసిన పైపులే

పాత అమెరికన్ కార్లకి ఎగ్జాస్ట్ మార్పించడం గురించి ఎవరు రాసినా మఫ్లర్ల (సైలెన్సర్ల) దగ్గర మొదలుపెట్టి మఫ్లర్ల దగ్గరే ఆపేస్తారు. నేను చెప్పదలుచుకున్నది వేరే వస్తువు గురించి. మా షెవెల్ మాలిబు కింద, రెండు మఫ్లర్ల పక్కనా చెరొకటి, చివర బిళ్ళ పెట్టి వెల్డింగ్ చేసేసిన పైపు ముక్కలు ఉన్నాయి. వాటిలోంచి పొగ ఎటూ పోదు. వాటివల్ల ఒక్క హార్స్‌పవర్ కూడా పెరగలేదు. కారు కింద పడుకుని చూస్తే తప్ప కనపడవు. ఈ కారు మీద ఇన్నేళ్లలో పెట్టిన ఖర్చుల్లో నాకు పూర్తి తృప్తినిచ్చినవి మాత్రం అవే.

కారు గురించి అవసరమైనంతే చెప్తాను. 1969 షెవ్రోలే షెవెల్ మాలిబు, 350 ఘనపు అంగుళాల స్మాల్ బ్లాక్ వీ8 ఇంజిన్, మూడు గేర్ల టర్బో 350 ఆటోమేటిక్, వెనక యాక్సిల్ గేర్ నిష్పత్తి 3.08. ఓవర్‌డ్రైవ్, అంటే హైవే మీద ఇంజిన్ నెమ్మదిగా తిరిగేలా చేసే పై గేరు, లేదు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, తర్వాతదంతా దాని మీదే నడుస్తుంది. మేముండేది డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో. కొన్నప్పుడు కారుకి ఒకే పైపు, ఒకే మఫ్లర్. దాన్ని తీయించి రెండున్నర అంగుళాల డ్యూయల్ పైపులు, మధ్యలో ఆ రెండింటినీ అడ్డంగా కలిపే హెచ్ పైపు, చాంబర్డ్ మఫ్లర్లు వేయించాను. ఇంజిన్‌కి ఉన్న పోత ఇనుము మానిఫోల్డులు అలాగే ఉంచాను. వాటి బదులు హెడర్లు (ఒక్కో సిలిండర్‌కీ విడి గొట్టం ఉండేవి) వేయమని ప్రతివాళ్లూ చెప్తారు గానీ, ఈ ఇంజిన్‌కి స్టార్టర్ కుడివైపు, ఎగ్జాస్ట్‌కి ఆనుకున్నట్టే ఉంటుంది, హెడర్ల వేడి దానికి తగులుతుంది. ఆగస్టు ఎండలో పెట్రోల్ పోసుకుని మళ్లీ తాళం తిప్పితే టక్కుమనడం తప్ప ఇంకేమీ జరగని హెడర్ల కార్లని ఇక్కడ చాలానే చూశాను. పిల్లలతో బయటికి వెళ్లే కారులో ఆ టెన్షన్ నాకొద్దు.

ముందు మంచే చెప్పాలి. ఊళ్ళో తిరిగేటప్పుడు ఈ ఎగ్జాస్ట్ శబ్దానికి వంక పెట్టడానికి లేదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వచ్చే ఆ గుడగుడ ఈ వీ8 ఇంజిన్లకి పుట్టుకతో వచ్చింది. దీని ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు పేలే వరస, 1-8-4-3-6-5-7-2. బేసి అంకెల సిలిండర్లన్నీ డ్రైవర్ వైపు, సరి అంకెలవన్నీ అవతలి వైపు. ఇంజిన్ మొత్తంగా చూస్తే క్రాంక్ (ఇంజిన్ తిప్పే ఇరుసు) తిరిగే ప్రతి 90 డిగ్రీలకీ ఒకటి తప్పకుండా పేలుతుంది. ఒక్కో వైపు విడిగా చూస్తే మాత్రం ఎడం సమంగా ఉండదు. డ్రైవర్ వైపు 5, 7 వెంటవెంటనే పేలతాయి, అవతల 8, 4 వెంటవెంటనే పేలతాయి. ఇంకోచోట ఏకంగా 270 డిగ్రీల ఖాళీ వస్తుంది. రెండు వైపుల పైపులూ విడివిడిగా వెనక్కి వస్తాయి కాబట్టి ఆ తూగు మన చెవిదాకా చేరుతుంది. హెచ్ బదులు, రెండు పైపులూ ఎక్స్ ఆకారంలో కలిసే ఎక్స్ పైపు వేస్తే రెండు వైపులూ బాగా కలిసిపోయి శబ్దం సన్నబడుతుంది. హెచ్ పైపు ఆ బొంగురుతనాన్ని నిలుపుతుంది. నేను పట్టుబట్టి హెచ్ పైపే వేయించింది అందుకు. ఇప్పటికీ పొద్దున్నే గరాజ్‌లో స్టార్ట్ చేసినప్పుడల్లా మంచి పని చేశాననే అనిపిస్తుంది.

హైవే మీద ఎక్కాక కథ వేరు. డెంటన్ దాటి డికేటర్ వైపు 380 హైవే మీద వెళ్తుంటే తెలిసొచ్చింది. 55 నుంచి 60 మైళ్ల మధ్య, అంటే ఇంజిన్ 2200 నుంచి 2400 ఆర్‌పీఎం తిరుగుతున్నప్పుడు, కారు లోపల ఒక హోరు మొదలవుతుంది. గట్టి శబ్దం కాదు. బయట నిలబడ్డవాళ్లకి తెలియను కూడా తెలియదు. లోపల ఉన్నవాళ్లకి మాత్రం చెవుల్లో దూది కుక్కినట్టు ఉంటుంది. పక్క సీట్లో మా ఆవిడ మాట్లాడుతుంటే పెదాలు కదలడం కనపడుతుంది, మాట అందదు. వెనక సీటు ఇంకా ఘోరం, ఎందుకంటే మఫ్లర్లు సరిగ్గా ఆ నేల కిందే ఉన్నాయి. గంటసేపు అలా వెళ్తే దిగాక కూడా తల లోపల హమ్మంటూనే ఉండేది. "ఊళ్ళో అయితే వస్తాను గానీ, దూరం అంటే ఇంకో కారు తీయండి" అని మా ఆవిడ తేల్చి చెప్పేసింది. పెద్దమ్మాయి అయితే ఈ కారు పేరెత్తితేనే హెడ్‌ఫోన్స్ వెతుక్కునేది.

మఫ్లర్ ఏ కంపెనీదన్నది ఇక్కడ అనవసరం. చాంబర్డ్ మఫ్లర్లలో ఫైబర్ దట్టించి ఉండదు, లోపలి రేకు గోడల మధ్య తరంగాన్ని అటూ ఇటూ కొట్టించి శబ్దం తగ్గిస్తారు. ఆ పద్ధతికి లొంగని స్వరం ఏదో ఒకటి మిగిలిపోవడం మామూలే. కార్పెట్ కింద శబ్దాన్ని ఆపే మ్యాట్ పరిపించాను. తలుపు వేస్తే రేకు మోగడం తగ్గింది, హోరు మాత్రం చెక్కు చెదరలేదు. ఆ మ్యాట్లు రేకు అదురుని ఆపుతాయి, ఇంత కింది స్థాయి స్వరాన్ని ఆపడం వాటి వల్ల కాదు. ఇక మిగిలిన దారి నెమ్మదైన మఫ్లర్లు వేయించుకోవడం. అలా చేస్తే నేను అంత ఇష్టపడి తెచ్చుకున్న గుడగుడ కూడా పోతుంది.

వీ8లో క్రాంక్ ఒక్క చుట్టు తిరిగేసరికి నాలుగు సిలిండర్లు పేలతాయి. 2300 ఆర్‌పీఎం అంటే సెకనుకి 38 చుట్లు పైచిలుకు. నాలుగుతో గుణిస్తే 153. ఫోన్‌లో శబ్దాన్ని గ్రాఫ్‌గా చూపించే ఆప్ పెట్టి మా ఆవిడ చేతికిచ్చి, అదే వేగంలో కాసేపు నడిపాను. 150 హెర్ట్జ్ పక్కన ఒకే ఒక్క గీత మిగతావాటికంటే చాలా ఎత్తుకి లేచింది. అంటే కారంతా మోగడం లేదు, ఒక్క స్వరమే మోగుతోంది. ఒక్క స్వరమే అయినప్పుడు దానికి విడిగా మందు ఉంటుంది.

ఇంటర్‌లో ఎంపీసీ చదివినవాళ్లకి ఫిజిక్స్ ల్యాబ్‌లోని అనునాద స్తంభం గుర్తుండే ఉంటుంది. గొట్టం మూతి దగ్గర శ్రుతిదండం మోగించి పట్టుకుని, లోపలి నీటి మట్టాన్ని కొద్దికొద్దిగా దించుతూ పోతే ఒకచోట శబ్దం గుమ్మని పెరుగుతుంది. అక్కడ గొట్టంలో ఉన్న గాలి పొడవు ఇంచుమించు ఆ తరంగదైర్ఘ్యంలో పావు వంతు. రికార్డు రాసి, సంతకం పెట్టించుకుని మర్చిపోయిన ఆ పావు వంతే ఇన్నేళ్ల తర్వాత టెక్సస్‌లో నాకు అక్కరకొచ్చింది. ఎగ్జాస్ట్ పైపుకి పక్కగా, చివర మూసేసిన గొట్టం ఒకటి అతికించి, దాని పొడవు హోరు తరంగంలో పావు వంతు ఉండేలా చూస్తే చాలు. అందులోకి దూరిన తరంగం మూత దాకా వెళ్లి తిరిగొచ్చేసరికి సగం తరంగం వెనకబడుతుంది. పైపులో వచ్చేది పైకి లేచే చోట ఇది కిందికి దిగుతుంది, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఇక్కడ దీన్ని జే పైపు అంటారు.

పొడవు దగ్గరే చాలామంది దెబ్బతింటారు. ల్యాబ్‌లో ఉన్నది మామూలు గాలి, అందులో ధ్వని వేగం సెకనుకి 340 మీటర్ల పైచిలుకు. ఆ వేగంతో లెక్కేస్తే 153 హెర్ట్జ్‌కి 56 సెంటీమీటర్లు, అంటే 22 అంగుళాలు వస్తుంది. ఎగ్జాస్ట్‌లో ఉన్నది కాలే పొగ. 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర ధ్వని వేగం 440 చుట్టుపక్కలకి చేరుతుంది, గొట్టం 72 సెంటీమీటర్లకి పెరుగుతుంది. అది 28 అంగుళాలు. 22 అంగుళాలకి కోయించుకుని "ఇదంతా ఒట్టిమాట" అని తిట్టుకునేవాళ్లు ఆ వేడిని వదిలేసినవాళ్లే. మఫ్లర్ దాటాక లోపల పొగ ఎంత వేడిగా ఉందో బయటి నుంచి ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో తెలియదు, అది పైపు రేకు వేడినే చూపిస్తుంది. కాబట్టి పొడవు ముందే ఖాయం చేయకూడదు.

డాలస్ తూర్పు వైపు చిన్న మఫ్లర్ షాపు నడిపే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. జీవితమంతా పైపులు వంచిన మనిషి. కాగితం మీద గీసిన బొమ్మ చూసి, చివర మూసేస్తే పొగ ఎటు పోతుందని అడిగాడు. ఎటూ పోనక్కర్లేదని చెప్పాను. కాసేపు గడ్డం గోక్కుని, "డబ్బులు నీవి" అని కారుని లిఫ్ట్ ఎక్కించాడు. ఆ తర్వాత ఆయన చేసిన పని మాత్రం నాకు కూడా తట్టనిది. గొట్టాన్ని రెండు ముక్కలుగా చేసి, ఒకదానిలో ఒకటి జారేలా పెట్టి, పైన బ్యాండ్ క్లాంప్ బిగించాడు. 26 నుంచి 30 అంగుళాల మధ్య ఎంతకైనా జరుపుకోవచ్చు. మఫ్లర్ దాటాక, పైపు యాక్సిల్ మీదికి లేచే ముందు కొమ్మ తీసి, మలుపు తిప్పి మఫ్లర్ పక్కగా ముందుకి తెచ్చాడు. కుడివైపు చక్కగా కూర్చుంది. ఎడమవైపు పార్కింగ్ బ్రేకు కేబుల్ అడ్డం రావడంతో కొంచెం కిందికి దించక తప్పలేదు.

ఇద్దరం కలిసి హైవే ఎక్కాం. 26 దగ్గర తేడా తెలిసీ తెలియనట్టుంది. పక్కకి ఆపి, ఆయనే కింద దూరి, చేతికి దళసరి గ్లవ్స్ వేసుకుని క్లాంప్ వదులు చేసి జరిపాడు. అలా కొంచెం కొంచెంగా జరుపుతూ 28 దాటామో లేదో, 58 మైళ్ల దగ్గర హోరు లేదు. తగ్గడం కాదు, అది ఉండే చోటే ఖాళీ అయిపోయింది. ఆ ఖాళీలో కిటికీ రబ్బరు దగ్గర గాలి కూయడం వినపడింది, డ్యాష్‌బోర్డు గడియారం టిక్కుటిక్కు వినపడింది. ఆ గడియారం శబ్దం చేస్తుందని నాకు అంతవరకూ తెలియదు. పెద్దాయన మామూలు గొంతుతో ఏదో అన్నాడు, అర్థమైంది. తిరిగొచ్చాక గొట్టాలు వెల్డింగ్ చేసి, నా లెక్కల కాగితం ఉంచుకుంటానని అడిగి తీసుకున్నాడు. రెండింటికీ కలిపి 300 డాలర్ల లోపే పుచ్చుకున్నాడు. ఆ వారమే డికేటర్ దాకా అందరం వెళ్లొచ్చాం. వెనక సీట్లో చిన్నవాడు నిద్రపోయాడు. ఆ కారులో హైవే మీద వాడు నిద్రపోవడం అదే మొదలు.

ఇప్పుడు చాలాకాలం వాడాక కొన్ని సంగతులు కలపాలి. ఇది మందు వేసిన స్వరానికే పనిచేస్తుంది. 70 మైళ్ల దగ్గర ఇంజిన్ 2800 ఆర్‌పీఎం దాటి తిరుగుతుంది, అక్కడ జే పైపు ఉన్నా లేకపోయినా ఒకటే. ఆ వేగంలో ఈ కారు మామూలుగానే గోల చేస్తుంది. చలికాలంలో స్టార్ట్ చేసి వెంటనే హైవే ఎక్కితే మొదటి కాసేపు హోరు ఉంటుంది, పొగ వేడెక్కాకే పోతుంది. ఎదురుగాలిలోనో ఎత్తు ఎక్కేటప్పుడో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే పొగ వేడి పెరిగి లెక్క కాస్త జారుతుంది. అప్పుడు కొద్దిగా వినపడుతుంది, ముందున్నంత కాదు.

ఎడమవైపు గొట్టం ఇబ్బంది పెట్టింది. కేబుల్ కోసం దించడంతో దాని మూత వైపు పల్లమైంది. ఎగ్జాస్ట్‌లో నీటి ఆవిరి ఎప్పుడూ ఉంటుంది, దగ్గర దగ్గర తిరుగుళ్లలో అది చల్లబడి నీళ్లుగా మారి ఆ పల్లంలో నిలిచిపోయింది. అల్యూమినైజ్డ్ పైపుకి పైపూత వెల్డింగ్ చేసిన చోట కాలిపోతుంది, తుప్పు సరిగ్గా అక్కడే పట్టింది. ఒకరోజు వెనక నుంచి చీదినట్టు శబ్దం, దాంతోపాటు పాత హోరు సగం తిరిగొచ్చింది. మూత అంచున గుండుసూది తలకాయంత కన్నం. కొత్త గొట్టం 304 స్టెయిన్‌లెస్‌తో చేయించి, కేబుల్ బ్రాకెట్ జరిపించి, మూత వైపు ఎత్తుగా పెట్టించాను. కుడివైపుది మొదట్నుంచీ ఎత్తుగానే ఉంది కాబట్టి ఇప్పటికీ పాతదే నడుస్తోంది.

మీరూ వేయించుకోవాలా అంటే, అది మీరు కారు ఎలా వాడతారన్న దాన్ని బట్టి ఉంటుంది. నేను 55, 60 మధ్య పోయే రోడ్లు ఎంచుకుని ఇంటిల్లిపాదినీ ఎక్కించుకు తిరిగేవాణ్ణి, నాకు సరిగ్గా కుదిరింది. శనివారం పొద్దున కార్ మీట్‌కి వెళ్లి వచ్చేవాళ్లకి అసలు ఈ గొడవే అక్కర్లేదు, చాంబర్డ్ మఫ్లర్లు చాలు. ఇంకో మాట, టెక్సస్‌లో ఎమిషన్ పరీక్ష ఉన్న కౌంటీల్లో కూడా 24 ఏళ్లు దాటిన కార్లకి అది లేదు, 2025 జనవరి నుంచి సొంత కార్లకి సేఫ్టీ తనిఖీ కూడా తీసేశారు. కాలిఫోర్నియాలో ఉంటే మాత్రం 95 డెసిబెల్స్ హద్దు ఉంది. జే పైపు లోపలి హోరుని తగ్గిస్తుందే గానీ బయటి శబ్దాన్ని ఆ హద్దులోకి తెస్తుందని అనుకోవద్దు. ఓవర్‌డ్రైవ్ గేర్‌బాక్స్ వేయించుకున్నవాళ్లకి అదే వేగంలో ఇంజిన్ 1600 చుట్టుపక్కల తిరుగుతుంది, అక్కడ హోరు వస్తే గొట్టం మీటరు పైన కావాలి. అంత పొడవు షెవెల్ కింద పట్టించడం కష్టమే. కాబట్టి నా 28 అంగుళాలు చూసి కోయించకండి. మీ కారులో హోరు ఏ ఆర్‌పీఎం దగ్గర వస్తోందో ముందు రాసుకుని, జరిపే గొట్టంతో చూసి, ఆ తర్వాతే వెల్డింగ్ చేయించండి.