త్వేర్ రాజుల 'వెండి నాణేల సెట్' కొనకండి బాబూ

ఆ సెట్ ఇంకా అమ్మకానికి ఉంది, అందుకే ఆగకుండా రాస్తున్నా. అమ్మేది ఎవరో చెప్పక్కర్లేదు, పాత నాణేల గ్రూపులన్నిట్లో తిరిగే ఆ పెద్దమనిషే. మధ్యయుగ రష్యాలోని త్వేర్ సంస్థానం, అయిదుగురు రాజులు, అయిదు వెండి నాణేలు, చెక్కపెట్టె, పైన మెరిసే సర్టిఫికెట్. మొత్తం బోగస్.

ఆ సర్టిఫికెట్టే దొంగని పట్టిస్తోంది. మొదటి పేరు మిఖాయిల్ యారస్లావిచ్, 1318లో గోల్డెన్ హోర్డ్‌లో (అప్పట్లో రష్యా మీద పెత్తనం చేసిన మంగోల్ రాజ్యం) చంపేశారు. రెండోది కొడుకు ద్మీత్రి, 1326లో అక్కడే మరణశిక్ష. మూడోది ఇంకో కొడుకు అలెక్సాందర్, ఆ హోర్డ్ మీద 1327లో జరిగిన తిరుగుబాటు నాటి రాజు. ఈ ముగ్గురూ ఒక్క నాణెమూ వేయించలేదు. 12వ శతాబ్దం నుంచి 14వ శతాబ్దం రెండో సగం దాకా రష్యా సంస్థానాల్లో నాణేల ముద్రణే లేదు. పెద్ద చెల్లింపులన్నీ సుమారు 200 గ్రాముల వెండి కడ్డీలతోనే. త్వేర్ సొంత నాణేలు 1400కి అటూ ఇటూగా గానీ మొదలు కావు.

అలెక్సాందర్ నాణెం మీద '1327' అని అంకెలు కూడా వేశాడు మహానుభావుడు! అప్పటి రష్యాలో ఏళ్ల లెక్క బైబిల్ ప్రకారం ప్రపంచ సృష్టి నుంచి, అంటే ఆ ఏడాది వాళ్లకు 6835. అదైనా అంకెల్లో కాదు, సిరిలిక్ (రష్యన్ లిపి) అక్షరాల్లో రాస్తారు. అసలు తర్వాత వచ్చిన త్వేర్ దెంగాల (చిన్న వెండి నాణేల) మీద కూడా సంవత్సరమే ఉండదు.

మిగతా ఇద్దరు బరీస్ అలెక్సాంద్రోవిచ్ (1425–61), మిఖాయిల్ బరీసోవిచ్ (1461–85). వీళ్లు నిజంగానే నాణేలు వేయించారు, మోసపోయేది ఇక్కడే. అసలు దెంగా వెండి తీగ ముక్కను సుత్తితో చదును చేసి అచ్చు కొట్టింది. అందుకే వంకర అంచు, బరువు గ్రాము కూడా ఉండదు. అచ్చు ఆ వెండి ముక్క కంటే పెద్దది కాబట్టి అక్షరాలు సగం బయటికి పోతాయి. ఇతనివి గుండ్రంగా, 3 గ్రాములకు పైన, చుట్టూ అక్షరాలు పూర్తిగా! భూతద్దంలో చూస్తే ఉపరితలం మీద చిన్న చిన్న గుంటలు, అంచున అతుకు గీత. పోతపోసిన సరుకు.

కొన్నాక ఇదంతా ఫోటోలతో అతనికి పంపితే వచ్చిన జవాబు: "పాతవాటికి గ్యారంటీ ఎవడిస్తాడండీ? అంత తెలిసినవాళ్లయితే ముందే చూసుకోవాల్సింది." ఆ వెంటనే బ్లాక్. నిన్నటిదాకా "సార్, మీలాంటి రసికులకే ఇస్తా" అన్న నోరే ఇది. ఆ పొగడ్తకు పొంగి బరువు అడగని నా బుర్రనేమనాలి!

కొనేవాళ్లు 0.01 గ్రాముల కాటా మీద పెట్టిన ఫోటో, అంచు ఫోటో అడగండి. రెండు నాణేల అంచు వంపులు అచ్చం ఒకేలా ఉంటే వదిలేయండి, చేత్తో కొట్టినవి అలా రావు. అయస్కాంతం పరీక్షను నమ్మకండి, రాగీ ఇత్తడీ కూడా దానికి అంటవు. ముందుగా యూపీఐలో పంపకండి, పంపేసినవాళ్లు 1930కి (సైబర్ మోసాల హెల్ప్‌లైన్) ఫోన్ చేయండి.