పటంలో మన దేశం వెతుక్కుంటూ: హెరెఫర్డ్, వెనిస్

పాత ప్రపంచ పటాలంటే ఇష్టమై, ఏదో ఒకచోటికే వెళ్ళే వీలుంటే ఇంగ్లండ్‌లోని హెరెఫర్డ్ వెళ్ళండి. పటంగా వెనిస్‌లోదే గొప్పది. కానీ తీరిగ్గా చూసే సుఖం హెరెఫర్డ్‌లోనే ఉంది.

లండన్ పాడింగ్టన్ నుంచి రైల్లో సుమారు మూడు గంటలు. చిన్న ఊరు, స్టేషన్ నుంచి పటం ఉన్న కెథడ్రల్‌కి (పెద్ద చర్చికి) నడిచే వెళ్ళాం. 1300 ప్రాంతంలో ఒకే దూడ చర్మం మీద గీసిన పటం ఇది. జెరూసలేం నడిమధ్యన, తూర్పు పైన. అందుకే ఇండియా కోసం తలెత్తి చూడాలి. చూస్తే ఏముంది? ఒంటికాలి మనిషి వెల్లకిలా పడుకుని, చేటంత పాదాన్ని ఎండకి అడ్డం పెట్టుకున్నాడు! దగ్గర్లోనే ఏనుగు. శ్రీలంకలో డ్రాగన్లు. ఆఫ్రికావాళ్ళకైతే తలే లేదు, కళ్ళూ నోరూ ఛాతీలోనే. మొదట నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. ఇవన్నీ ప్లినీ లాంటి రోమన్ రచయితల నుంచి వచ్చిన కథలే. ఇంతకీ ఈ పటంలో యూరప్, ఆఫ్రికా పేర్లు ఒకదాని చోట ఒకటి పడ్డాయి, అదీ బంగారు అక్షరాల్లో. సొంత ఖండం పేరే తప్పు రాసినవాళ్ళ మీద మనకేం కోపం!

గదిలో వెలుతురు తక్కువ, కళ్ళు అలవాటు పడాలి. అక్కడి వాలంటీరు ఒకావిడ ఓపిగ్గా ఒక్కో బొమ్మా చూపించారు. పుస్తకాలను గొలుసులతో కట్టేసిన పాత లైబ్రరీ కూడా పక్కనే. మేం దిగిన గెస్ట్‌హౌస్ శుభ్రంగా ఉంది, శాకాహార టిఫిన్ అడిగితే చేసిపెట్టారు. సాయంత్రమయ్యాక మాత్రం ఊళ్ళో తోచదు.

ఇక వెనిస్. ఖర్చు తగ్గుతుందని పక్కనే ఉన్న మెస్త్రేలో గది తీసుకున్నాం. ఏసీ ఉందన్నారు, పనిచేయలేదు, అడిగితే భుజాలెగరేశారు. మేం వెళ్ళినప్పుడు సెయింట్ మార్క్స్ స్క్వేర్‌లోని కొర్రేర్ మ్యూజియం గుండా పటం ఉన్న చోటికి వెళ్ళాల్సొచ్చింది. టికెట్ కూడా డోజ్ ప్యాలెస్‌తో (వెనిస్ పాలకుల పాత భవనంతో) కలిపే ఇచ్చారు కాబట్టి పటం ఒక్కటే చాలనుకునేవాళ్ళకి దండగ. జనం తోపులాట సరేసరి.

ఫ్రా మౌరో అనే సన్యాసి 1450ల్లో తయారుచేసిన ఈ పటం ముందు నిలబడితే ఆ చిరాకు పోతుంది. వెడల్పు రెండు మీటర్ల దాకా, నిండా వేలకొద్దీ రాతలు. దూరదేశాలు తిరిగొచ్చినవాళ్ళని అడిగి రాసుకున్నాడు. విజయనగరం చూసొచ్చిన వర్తకుడు నికొలో దె కోంటి చెప్పిన సంగతులూ ఇందులో చేరాయి. వింత మనుషుల గురించి చాలామంది రాశారు గానీ, చూశానని చెప్పేవాడు తనకొక్కడూ దొరకలేదని పటం మీదే రాశాడు! బైబిల్లోని ఏదెను తోటని కూడా భూమ్మీద పెట్టకుండా బయట ఓ మూలకి జరిపాడు.

ఒక్క మాట, ఇందులో దక్షిణం పైన ఉంటుంది. ఈ పటం ఫొటో ముందే ఫోన్లో తలకిందులుగా తిప్పి చూసుకుని వెళ్తే ఇండియా త్వరగా దొరుకుతుంది.