నాలుగు చోట్ల తిరిగి జూడో మ్యాట్ మీద ఆగాను

రెండేళ్ల క్రితం వానాకాలంలో ఉప్పల్ దగ్గర స్కూటీ జారి పడ్డప్పుడు అందరూ చేసే పనే నేనూ చేశాను. కుడి అరచేతిని నేల మీద ఊనాను. ఒంటి బరువంతా ఆ చేతి మీదుగా మణికట్టుకు చేరి ఎముక విరిగింది. ఆరు వారాల పాటు పిండికట్టుతో ఎడమచేత్తో సంతకాలు చేస్తూ బ్యాంకులో కూర్చున్నాను. కట్టు విప్పాక కూడా మెట్లు దిగుతుంటే గోడ పట్టుకునే అలవాటు పోలేదు. ఆ భయం పోగొట్టుకోవాలనీ, రాత్రి తొమ్మిదింటికి బస్సు దిగి ఒంటరిగా ఇంటికి నడిచేటప్పుడు కొంత ధైర్యం ఉండాలనీ, 37 ఏళ్ల వయసులో ఏదో ఒక యుద్ధవిద్య నేర్చుకుందామని నిశ్చయించుకున్నాను. సలహా చెప్పిన వారందరూ ఏ విద్య గొప్పదో చెప్పారే గాని, బడి వదిలాక ఏ ఆటా ఆడని మనిషికి మొదటి నెల ఎలా గడుస్తుందో ఒక్కరూ చెప్పలేదు. నేను చూసిన చోట్ల గురించి ఇక్కడ రాస్తున్నది ఆ మొదటి నెల సంగతే.

మా ఊళ్లో దసరా ఊరేగింపుల్లో కర్రసాము చూస్తూ పెరిగాను కనుక మొదట మనసు దాని మీదికే పోయింది. అయితే మా ఇంటికి అందుబాటులో నేర్పేవారు దొరకలేదు. అందువల్ల కరాటేతో మొదలుపెట్టాను.

మా కాలనీలో ఒక ఫంక్షన్ హాల్ సెల్లారులో సాయంత్రం తరగతి జరుగుతుంది. యాభై మందికి పైగా పిల్లలు, ఇద్దరు ముగ్గురు పెద్దలు, ఒకే ఒక్క మాస్టరు. కరాటే ఒకినావా దీవుల్లో పుట్టి, ఫునకోషి గిచిన్ 1922లో టోక్యోలో ప్రదర్శించిన తరువాత జపాన్ అంతటా పాకిన విద్య. అందులో కిహోన్ అనే ప్రాథమిక కదలికలు, కతా అనే కూర్చిన వరుస, కుమితే అనే ఎదురెదురు పోరు, మూడూ సమంగా ఉండాలి. నేను వెళ్లిన మూడు వారాల్లో గాలిలో గుద్దడం, గాలిలో తన్నడం తప్ప మరొకటి జరగలేదు. ఎదుట మనిషి నిలబడితే ఏం చేయాలో ఎప్పుడు చెబుతారని అడిగితే, గ్రీన్ బెల్టు దాటాక అన్నారు. ఇరవయ్యో రోజుకే మొదటి బెల్టు పరీక్షకు ఫీజు అడిగారు. బ్లాక్ బెల్టు వరకు ప్రతి పరీక్షకూ విడిగా ఎంత కట్టాలో ముద్రించిన కాగితం చేతికిచ్చి, ముందే మొత్తం కడితే తగ్గింపు ఇస్తామన్నారు. నెల ఫీజు కట్టడానికి నాకేమీ అభ్యంతరం లేదు. రాని విద్యకు పట్టా ముందే అమ్మజూపడం మాత్రం నాకు మింగుడు పడలేదు. దీన్ని బట్టి కరాటేను తక్కువ చేసి మాట్లాడటం న్యాయం కాదు. నాచారంలో పన్నెండు మందికి మించి చేర్చుకోని మరో మాస్టరు తరగతిని ఒక ఆదివారం కూర్చుని చూశాను. అక్కడ మొదటి రోజు వచ్చిన వారిని కూడా జతగా నిలబెట్టి, ఎంత దూరంలో ఉంటే దెబ్బ తగులుతుందో, ఎంత దూరంలో తగలదో చూపిస్తున్నారు. అది మా ఇంటికి దగ్గరలో ఉండి ఉంటే నా వెతుకులాట బహుశా అక్కడే ముగిసేది.

రెండోది బాక్సింగ్. ఒక మైదానం పక్కన రేకుల షెడ్డు, వేలాడే బ్యాగులు, మధ్యలో తాళ్లు సడలిన రింగు. చూడటానికి ఏమీ లేదు గాని, నేర్పడంలో ఇంత నిజాయితీ నేను మరెక్కడా చూడలేదు. కోచ్ గారు మొదటి రోజు నా చేతికి బట్టపట్టీ చుడుతూ కుడి మణికట్టు దగ్గర ఆగి, ఎప్పుడు విరిగిందని అడిగి, అక్కడ మరో మూడు చుట్లు వేశారు. నేను చెప్పకముందే ఆయనకు వేళ్లతోనే తెలిసిపోయింది. ఆ షెడ్డులో సాధన చేసే ఆడపిల్లల్లో ఇద్దరు, నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లోనూ 2023లోనూ ప్రపంచ ఛాంపియన్ కావడం చూసే చేరామని చెప్పారు. స్కిప్పింగు, అడుగులు వేయడం, బ్యాగు కొట్టడం ఇవన్నీ కలిపి గంటన్నరలో ఒళ్లు పిండేసే వ్యాయామం. దమ్ము పెంచుకోవాలనుకునే వారికి నేను కళ్లు మూసుకుని బాక్సింగే చెబుతాను. మూడో వారంలో ఒకమ్మాయితో తేలికపాటి పోటీ ఆడించారు. నుదుటి మీద తగిలిన ఒక చిన్న దెబ్బకే ఆ సాయంత్రమంతా తలనొప్పిగా ఉండిపోయింది. మర్నాడు కోచ్ గారే, "మేడమ్, మీరు బ్యాగు కొట్టుకోండి, ఆరోగ్యంగా ఉంటారు, రింగులోకి దిగనక్కర్లేదు" అన్నారు. ఆ మాటకు ఆయన మీద గౌరవం పెరిగింది. కాని బ్యాగు తిరిగి కొట్టదు. ఎదుటి మనిషి ఒత్తిడిలో నా ఒళ్లు ఎలా ప్రవర్తిస్తుందో తెలుసుకోవాలన్న కోరిక బ్యాగుతో తీరదని నాకు అర్థమైంది.

మహిళల ఆత్మరక్షణ పేరుతో శని, ఆదివారాల్లో జరిగిన శిబిరం గురించి ఎక్కువ రాయవలసినది లేదు. రెండు రోజుల్లో ఇరవైకి పైగా పట్లు చూపించి, చివర ధ్రువపత్రం ఇచ్చారు. నా జతలో ఉన్న ఆవిడను చెయ్యి నిజంగా గట్టిగా పట్టుకోమంటే, నేర్చుకున్న ఏ కిటుకుతోనూ నా చెయ్యి విడిపించుకోలేకపోయాను. ఇలాంటి శిబిరం నుంచి ధైర్యంతో ఇంటికి వెళ్లే అమ్మాయిని తలచుకుంటే నాకు దిగులుగా ఉంటుంది.

బ్రెజిలియన్ జియుజిత్సు మాత్రం నిజంగా నచ్చింది. జూడో సాధకుడు మయేదా మిత్సుయో 1914లో బ్రెజిల్ చేరి, అక్కడ గ్రేసీ కుటుంబానికి నేర్పిన దాని నుంచి ఎదిగిన విద్య ఇది. బలం తక్కువైన మనిషి నేల మీద పడి ఉండి కూడా పైనున్న వారిని ఎలా నిలువరించవచ్చో ఒక్క తరగతిలోనే కళ్లకు కట్టింది. అయితే అది మాకు దూరంగా గచ్చిబౌలిలో ఉంది, ఫీజు ఇప్పుడు నేను వెళ్తున్న జూడో తరగతికి మూడింతలు. పైగా మోకాళ్ల మీద కూర్చునే సాధన మొదలుపెడతారు. నా భయమేమో నిలబడిన చోటు నుంచి నేలకు చేరే ఆ ఒక్క క్షణం గురించి.

ఇక జూడో. కానో జిగొరో 1882లో టోక్యోలోని ఎయిషోజి అనే బౌద్ధాలయంలో 12 చాపలు పట్టేంత గదిలో మొదలుపెట్టిన ఈ విద్యకు 1964లో ఒలింపిక్స్‌లో చోటు దొరికింది. ఆడవారికి పతకాల పోటీలు 1992లో వచ్చాయి. కరాటే తరగతిలో నన్ను అంత ఇబ్బంది పెట్టిన బ్లాక్ బెల్టు పద్ధతిని కూడా మొదలుపెట్టినది కానో గారే. కరాటే వాళ్లు దాన్ని జూడో నుంచే తీసుకున్నారు. నేను చేరిన తరగతి సికింద్రాబాద్ వైపు ఒక పాత వ్యాయామశాలలో, వారానికి మూడు రోజులు ఉదయం ఆరింటికి జరుగుతుంది. నెలకు 1,500 రూపాయలు. బెల్టు పరీక్ష ఏడాదికి రెండుసార్లే, అదీ మాస్టరు గారు సరేనంటేనే.

మొదటి రెండు వారాలు నాకు ఎవరినీ పడవేయడం నేర్పలేదు, పడటమే నేర్పారు. దాన్ని ఉకెమి అంటారు. ముందు కూర్చున్న చోటి నుంచి వెనక్కి, తరువాత గొంతుకు కూర్చుని, ఆపైన నిలబడి. గడ్డం ఛాతీకి ఆనించి, చూపు బెల్టు ముడి మీద నిలిపితే తల నేలకు తగలదు. వీపు ఆనే క్షణంలోనే రెండు చేతులనూ ఒంటికి కొంచెం ఎడంగా చాచి, అరచేతి నుంచి మోచేతి దాకా ఒకేసారి మ్యాట్ మీద చరచాలి. అప్పుడు దెబ్బ ఒక్క ఎముక మీద పడకుండా చెయ్యంతటా పరుచుకుంటుంది. సరిగా పడితే ఫట్‌మని ఒకే చప్పుడు వస్తుంది, తప్పు పడితే రెండు మూడు చప్పుళ్లు వస్తాయి. అరవై దాటిన మా మాస్టరు గారు అటు తిరిగి నిలబడి కూడా ఆ చప్పుడు విని ఎవరు తప్పు పడ్డారో చెప్పేస్తారు. పక్కకు పడే పాఠంలో నా కుడి చెయ్యి పాత అలవాటు ప్రకారం ఊనడానికే పోయేది. "ఆ చెయ్యి మళ్లీ విరగ్గొట్టుకుంటావా అమ్మా?" అని, ఆ చేత్తో నా జూడో జాకెట్టు అంచును నన్నే పట్టుకోమని, వారం రోజులు ఎడమ వైపుకే పడేలా చేయించారు. ఆ తరువాతే కుడి చేతిని వదలనిచ్చారు. నా ఒక్కదాని కోసం ఇంత ఆలోచించి పాఠం మార్చిన గురువు మిగతా నాలుగు చోట్లా బాక్సింగ్ కోచ్ గారు తప్ప నాకు కనబడలేదు.

నెల దాటాక నన్ను పదహారేళ్ల అమ్మాయితో జతకట్టారు. తను నాకంటే పద్దెనిమిది కిలోలు తక్కువ. "అక్కా, బిగుసుకోవద్దు" అంటూ నా కుడి చొక్కాచేతిని కిందికి లాగి, కాలరు పట్టిన చేత్తో వెనక్కి వంచింది. నా బరువంతా కుడి మడమ మీదికి చేరేదాకా ఆగి, అప్పుడు మాత్రమే ఆ కాలిని వెనుక నుంచి తన కాలితో కోసినట్టు తీసేసింది. దాని పేరు ఓసోతో గారి. కాలు తీయడం చివరి పని, అసలు విద్య అంతా అంతకు ముందే బరువు తప్పించడంలో ఉంది. దాన్ని కుజుషి అంటారు. నేను పడుతున్నంత సేపూ తను నా చొక్కాచేతిని వదలకుండా పైకి పట్టుకునే ఉంది. పడవేసిన వారే పడేవారి తలకు కాపలా. కానో గారు చెప్పిన "జితా క్యోయెయ్", అంటే నేనూ ఎదుటివారూ కలిసి బాగుపడాలన్న నియమం, గోడ మీద రాసి పెట్టుకోవడానికి కాదని ఆ పట్టులో తెలిసింది. మూడో నెల నుంచి రాండోరి, అంటే ఎదుటివారు కూడా ఊరుకోని స్వేచ్ఛా సాధన. ఇప్పటికి నలభైసార్లయినా ఓడిపోయి ఉంటాను, కాని శిబిరంలో పనికిరాని పట్టుకూ ఇక్కడి పట్టుకూ తేడా అక్కడే తెలుస్తుంది.

లోపాలు కూడా చెప్పాలి. మ్యాట్లు పాతవి, వాటి సందుల్లో కాలివేలు ఇరుక్కుంటుంది. మాస్టరు గారు టేపు అంటిస్తారు గాని రెండు వారాలకే అది లేచిపోతుంది. ఆడవారు బట్టలు మార్చుకోవడానికి వేరే గది లేదు, స్టోర్ రూమ్ తలుపు వేసుకోవలసిందే. మాస్టరు గారు పిల్లలను పోటీలకు తీసుకువెళ్లిన వారం తరగతి ఉండదు, ఆ రోజులకు ఫీజు తగ్గించరు. ఇక జూడోలో గుద్దులూ తన్నులూ నేర్పరు కనుక, ఆత్మరక్షణకు ఇదొక్కటే సరిపోతుందని నేను ఎవరికీ చెప్పను. మోకాళ్ల నొప్పులున్నవారు డాక్టరును అడగకుండా రాండోరికి దిగకూడదు. జత లేకుండా ఇంట్లో ఒంటరిగా సాధన చేయడానికి కూడా ఇందులో పెద్దగా వీలు లేదు.

ఎక్కడ చేరాలనుకున్నా, చేరేముందు ఒక తరగతి మొత్తం పక్కన కూర్చుని చూడండి. బాగా వచ్చిన వారిని కాదు, నిన్న మొన్న చేరిన వారిని చూడండి. వారిని ఎవరు పట్టించుకుంటున్నారు, ఎవరితో జత కలుపుతున్నారు, ఆగమంటే ఆ జత వెంటనే ఆగుతోందా అని గమనించండి. కూర్చుని చూడనివ్వని చోట డబ్బు కట్టవద్దు. జూడోకే వచ్చేవారు మొదటి నెల పాత ట్రాక్ ప్యాంటుతో నడిపించవచ్చు, జాకెట్టు మ్యాట్ దగ్గర అరువిస్తారు. సొంతానికి కొనుక్కునేటప్పుడు పలుచని నేతది చాలు. నూలు బట్ట ఉతికితే కుంగుతుంది కనుక ఒక సైజు పెద్దది తీసుకోండి. ఆడవారు లోపల తెల్ల టీషర్టు తప్పకుండా వేసుకోవాలి. గోళ్లు మాత్రం ముందురోజు రాత్రే తీసుకుని రండి, మాస్టరు గారు మ్యాట్ ఎక్కేముందు అందరి చేతులూ చూస్తారు.