ఇంట్లో కాచిన సబ్బు, తాతగారి పంచెలు: పదహారు నెలల పొత్తిగుడ్డల అనుభవం

మా అమ్మాయికి ఇప్పుడు పదహారు నెలలు. పుట్టిన మూడో రోజు నుండి పగటిపూట ఆమెకు కట్టినవన్నీ ఇంట్లో కత్తిరించుకున్న గుడ్డలే. వాటిని ఉతికే సబ్బు, ఒళ్ళు తుడిచే తడిగుడ్డలు కూడా చాలాకాలం ఇంట్లో తయారైనవే. దీనివల్ల ఎంత డబ్బు మిగులుతుందో, ఎంత చెత్త తగ్గుతుందో ఇప్పటికే ఎందరో రాశారు కనుక ఆ లెక్కలు నేను మళ్ళీ వేయను. నేను చెప్పదలచినది ముఖ్యంగా ఒకే విషయం: తడిని పీల్చుకునే గుణం గుడ్డకు ఎలా పోతుంది, దాన్ని పోగొట్టేది ఏది. మా ఇంట్లో ఆ పని చేసినది నేను ఎంతో గర్వంగా కాచుకున్న సబ్బే. ఆ సంగతి తెలియడానికి నాకు రెండు నెలలు పట్టింది. సబ్బు మీద కోపం ఇంకా పూర్తిగా చల్లారలేదు.

కాన్పుకు రాజమహేంద్రవరంలోని పుట్టింటికి వెళ్ళినప్పుడు అమ్మ పెట్టెలోంచి తాతగారి పాత నేత పంచెలు మూడు తీసింది. ఎనిమిది మూరల పంచె పొడవు 144 అంగుళాలు, మా వాటి పన్నా 50 అంగుళాలు. 24 అంగుళాల చదరాలు ఒక్కో పంచెకు పన్నెండు రావాలి. చినిగిన చోట్లు పోగా మొత్తం ముప్పై దక్కాయి. కొత్త నూలుగుడ్డలో గంజి, పత్తికి సహజంగా ఉండే మైనం పోయేంతవరకు అది నీళ్ళను సరిగా తీసుకోదు కనుక, కొత్తది కొని కుట్టేవారు వేడినీళ్ళలో నాలుగైదుసార్లు ఉతికాకే వాడాలి. ఏళ్ళ తరబడి ఉతికిన పంచెకు ఆ బెడద లేదు. నాలుగు మడతలు వేసి కడితే రెండు గంటలు నిశ్చింతగా ఉండేది. దండెం మీద వేస్తే మధ్యాహ్నానికల్లా ఎండిపోయేది. నేను స్వయంగా కుట్టిన ఆరు పొరల మెత్తలు, లోపల టర్కీ టవలు ముక్క పెట్టినవి, చూడడానికి ముచ్చటగా ఉన్నాయని అందరూ మెచ్చుకున్నారు, నేనూ మురిసిపోయాను. తరువాత వర్షాకాలంలో అవి రెండు రోజులైనా ఆరక ముక్కవాసన వచ్చాయి. ఇప్పుడు వాటిని పాప కూర్చునే పీట మీద పరుస్తున్నాను.

ఇక సబ్బు సంగతి. కడుపుతో ఉన్న ఏడో నెలలో నేను పక్కన కూర్చుని కొలతలు చెబుతుంటే అమ్మ కాచింది. కాస్టిక్ సోడా చర్మాన్ని కాల్చేస్తుంది కనుక గర్భిణులు, పసిపిల్లలు ఉన్నచోట దాని జోలికి పోకపోవడమే మంచిదని ఇప్పుడు అనిపిస్తోంది. కిలో కొబ్బరినూనె పూర్తిగా సబ్బుగా మారడానికి సుమారు 183 గ్రాముల కాస్టిక్ సోడా పడుతుంది. ఒంటికి వాడే సబ్బులో చర్మం పొడిబారకుండా కొంత నూనె మిగిలి ఉండాలన్న నియమం ప్రకారం మేము దాన్ని 5 శాతం తగ్గించి 174 గ్రాములే వేశాము. బిళ్ళలను ఆరు వారాలు ఆరబెట్టాము. పుట్టింట్లో ఉన్న అయిదు నెలలూ పొత్తిగుడ్డలన్నీ దానితోనే ఉతికాము. గోదావరి నీళ్ళలో అది పొంగులు పొంగులుగా నురగ ఇచ్చేది, గుడ్డ మల్లెపువ్వులా ఉండేది. ఆ రోజుల్లో ఎవరు అడిగినా, అడగకపోయినా, ఆ సబ్బును తెగ పొగిడాను.

పాపకు అయిదో నెలలో హైదరాబాదు శివార్లలోని మా అపార్టుమెంటుకు వచ్చాము. ఇక్కడ రోజువారీ వాడకానికి బోరు నీళ్ళు. మునిసిపల్ నీళ్ళు వారానికి రెండుసార్లు వస్తాయి, అవి తాగడానికే సరిపోతాయి. మూడు నాలుగు వారాలు ఏ తేడా కనిపించలేదు. తరువాత పాప నిద్రపోయిన అరగంటకే బొంత తడిసిపోవడం మొదలైంది. కట్టడం వదులైందేమోనని బిగించాను. మడతలు నాలుగు నుండి ఆరుకు, ఆరు నుండి ఎనిమిదికి పెంచాను. పిల్ల కాళ్ళు దగ్గరకు రాక కప్పలా పడుకునేది. పైన వేసే నీరు దిగని నిక్కరుకు పిన్నీసు గుచ్చడం వల్ల చిల్లులు పడ్డాయని దాన్ని నిందించాను, అది కొంత నిజమే. మా అత్తగారు పాపకు ఒళ్ళంతా పట్టించే కొబ్బరినూనెను కూడా అనుమానించాను, పైకి అనలేదు. ఉదయం గుడ్డ విప్పితే కళ్ళు మండేంత ఘాటు. మూత్రంలోని యూరియాను సూక్ష్మజీవులు అమ్మోనియాగా మారుస్తాయి కనుక, గుడ్డలో ఏదో పేరుకుని సరిగా శుభ్రపడడం లేదని ఆ వాసనే చెబుతోంది. నాకే అర్థం కాలేదు. తొడల మధ్య ఎర్రగా కమిలింది. పిల్లల డాక్టరు జింకు ఆక్సైడు పూత రాసి, గుడ్డ త్వరత్వరగా మార్చమన్నారు.

అసలు సంగతి ఒక రాత్రి బయటపడింది. ఎనిమిది మడతల గుడ్డ విప్పితే పై రెండు పొరలు మాత్రమే తడిసి ఉన్నాయి, లోపలి పొరలు ఇస్త్రీ చేసినంత పొడిగా ఉన్నాయి. తడి లోపలికి దిగకుండా పక్కలకు జారి తొడల దగ్గర కారిపోతోందన్నమాట. పొడి గుడ్డ ఒకటి తీసి బల్ల మీద పరచి చెంచాతో నీటిచుక్క వేశాను. అది చేమాకు మీద బొట్టులా గుండ్రంగా నిలబడి, వేలితో కదిపితే దొర్లింది. రాజమహేంద్రవరం నుండి తెచ్చి ఇంకా వాడని మరో చదరం మీద వేస్తే క్షణంలో ఇంకిపోయింది. అదే పంచె, అదే కత్తెర. తేడా ఉతికిన నీళ్ళలో ఉంది.

బోరు నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిస్తే నురగకు బదులు నీటిలో కరగని జిడ్డుతెట్టు ఏర్పడుతుంది; మా బకెట్ల అంచులకు పట్టిన తెల్లటి పొర అదే. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం, అంటే ఈ ఖనిజాల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దారి లేనప్పుడు 600 వరకు ఒప్పుకుంటారు. మా అపార్టుమెంటు సంఘం చేయించిన పరీక్షలో బోరు నీళ్ళది 620 వచ్చింది. ఆ తెట్టుకు తోడు, ఒంటి మేలు కోసం మేము మిగిల్చిన 5 శాతం నూనె కూడా ప్రతి ఉతుకులో దారానికి పట్టింది. గుడ్డలు ఉతికే సబ్బులో నూనె మిగలకూడదన్న మాట నేను చదివిన కాగితంలోనే ఉంది, దాని మీద నుండి నా కన్ను జారిపోయింది. బట్టలు మెత్తబడతాయని నెలకోసారి వేసిన కండిషనరు కూడా పాపంలో పాలుపంచుకుని ఉంటుంది, అదీ దారానికి పూత వేసేదే.

బాగు చేయడంలో మరో పొరపాటు చేశాను. మొదట బట్టల సోడా వేసి గుడ్డలను మరిగించాను. జిడ్డు కొంత పైకి తేలింది కానీ చుక్క పరీక్షలో గుడ్డ సగమే గెలిచింది. కాల్షియం పట్టిన తెట్టును సోడా విడగొట్టలేదు, దాన్ని ముందు పులుపుతో విడగొట్టాలి. రెండోసారి గోరువెచ్చని బకెట్టు నీళ్ళకు రెండు చెంచాల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి గుడ్డలను గంటసేపు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, అప్పుడు వేడి మునిసిపల్ నీళ్ళలో బట్టల సోడాతో ఉతికాను. బకెట్టు పైన బూడిదరంగు మీగడలాంటిది తేలింది. అలా మూడు విడతలు చేశాక చుక్క వేస్తే వెంటనే ఇంకింది. ముప్పై చదరాలలో ఇరవై ఆరు కోలుకున్నాయి. నాలుగు మరిగించడంలో పీలికలయ్యాయి, వాటిని ముక్కలు చేసి తుడుపుగుడ్డలుగా పెట్టుకున్నాను.

అప్పటి నుండి మామూలు బట్టల పొడి, అదీ కంపెనీ చెప్పినదానిలో సగం కొలత, కొంచెం బట్టల సోడా. సహజం అన్న పట్టుదల ఈ మేరకు సడలింది. జులైలో మేడ మీది గొట్టం నుండి పట్టిన వాననీళ్ళలో ఉతికినప్పుడు మాత్రం ఇంటి సబ్బు మళ్ళీ మునుపటిలా నురగ ఇచ్చింది, కొంచెం బాధ వేసింది. పూతమందు రాసే రోజుల్లో చర్మానికీ గుడ్డకూ మధ్య పాత చీర ముక్క ఒకటి వేస్తాను, లేకపోతే ఆ పూత కూడా గుడ్డకు పడుతుంది. కొబ్బరినూనె చుక్కలు కలిపి డబ్బాలో తడిపి ఉంచిన తుడుపుగుడ్డలు మే నెల వేడికి రెండో రోజే వాసన వచ్చాయి. ఇప్పుడు పొడి ముక్కలు, ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్ళు. పాలగుండ పొడి చల్లమని ఒకరు చెప్పారు, ఏ పొడి అయినా పసిపిల్ల ఊపిరిలోకి పోతుందన్న భయంతో దాని జోలికి పోలేదు.

ఇది మీకు సరిపోతుందా అంటే, మా ఇంట్లో అత్తగారు ఉన్నారు, మేడ మీద దండేలు ఉన్నాయి, నేను ఇంటి నుండే పనిచేస్తున్నాను. రాత్రికి ఒకటి, ప్రయాణానికి ఒకటి బజారు డైపర్లు ఇప్పటికీ వాడుతున్నాము. పాపను ఉంచాలనుకున్న శిశుసంరక్షణ కేంద్రం గుడ్డ లంగోటీలు ఒప్పుకోనంది. నేను ఆఫీసుకు వెళ్ళవలసి ఉంటే ఈ సమీక్ష ఆరో నెలలోనే ముగిసేది. మిగిలిన సబ్బు బిళ్ళలతో చేతులు కడుక్కుంటున్నాము, దానికి అవి చక్కగా ఉన్నాయి. రాజమహేంద్రవరంలో మా వదినకు మే నెలలో కాన్పు. సబ్బు కొలతలు పంపమంది, పంపాను. ఈసారి కిలోకు 183 గ్రాములని రాసి, ఒంటికి ఇది వద్దని, కాచే పని అమ్మకే వదిలేయమని కింద గీత గీశాను.