పాత మడ్‌గార్డుకు అతుకా, అచ్చా?

పగిలిన ఫైబర్‌గ్లాస్ మడ్‌గార్డును బల్ల మీద పెట్టుకుని చాలామంది మొదట అడిగేది ఏ రెజిన్ మంచిదని, అంటే గాజు పోగులను తడిపి గట్టిపడే ద్రవం ఏది మంచిదని. అది రెండో ప్రశ్న కావాలి. ఈ ముక్కనే బాగుచేయాలా, దీని మీద అచ్చు తీసి కొత్తది చేయాలా, లేక ఫోమ్‌లో ఆకారం చెక్కి మొదటి నుంచి మొదలుపెట్టాలా అన్నది ముందు తేలాలి. అది తేలితే రెజిన్, గాజు పోగుల మ్యాట్ సంగతి సగం తేలినట్టే.

మామూలు కారుకు ఇంత తర్జనభర్జన అక్కర్లేదు, విడిభాగం ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. కిట్ కారు అలా కాదు. బాడీని ఒక చిన్న సంస్థ అచ్చులో తీసి అమ్ముతుంది, కొన్నవారు వేరే కారు ఇంజను, ఇరుసులు తెచ్చి తమ గ్యారేజీలో బిగించుకుంటారు. సంస్థ మూతపడిందంటే అచ్చులు ఎండకూ వానకూ పాడైపోతాయి. 1964లో అమెరికాలో బ్రూస్ మేయర్స్ తన మేయర్స్ మాంక్స్ అనే ఇసుక బగ్గీని తెచ్చినప్పుడు, కొందరు ఒక బాడీ సంపాదించి దాని మీదే అచ్చు తీసుకుని నకళ్లు అమ్మేశారు. ఆయన పేటెంటు కోర్టులో నిలవలేదు. ఆయన్ని అంతగా దెబ్బతీసిన ఆ కిటుకే ఈ రోజు పాత కార్లను బతికించుకునేవారికి దిక్కయింది. ఉన్న ముక్క మీదే అచ్చు తీయడం అన్నమాట.

ముందు అతుకు సంగతి. నాణెంతో ముక్కంతా తట్టుతూ రండి. గట్టిగా, స్పష్టంగా మోగిన చోట పొరలు కలిసి ఉన్నట్టు. బొంగురుగా, చచ్చిన శబ్దం వస్తే లోపల పొరలు విడిపోయినట్టు. పైన కనిపించే సన్నని సాలెగూడు గీతలు పైన నునుపుగా ఉండే రెజిన్ పూత, అంటే జెల్‌కోటు వరకే ఉండవచ్చు, అడుగున గాజు పోగులు కూడా తెగి ఉండవచ్చు. గ్రైండర్‌తో ఒక గీతను కొంచెం తవ్వి చూస్తే తప్ప తెలియదు. పుట్టీ నింపి రంగు వేస్తే అదే గీత అదే చోట మళ్లీ తేలుతుంది. అక్కడ బోల్టు ముక్కను లాగుతుండవచ్చు, లేదా పొర పలచగా ఉండి కారు కదిలినప్పుడల్లా వంగుతుండవచ్చు. ఆ కారణాన్ని సరిచేయకుండా గీతను కప్పి లాభం లేదు.

సరైన అతుకు వెనుక వైపు నుంచి పడుతుంది. పగులు చుట్టూ పొరను ఏటవాలుగా అరగదీయాలి. మందానికి 12 రెట్ల వెడల్పు మంచి కొలత. అంటే 3 మిల్లీమీటర్ల మందం ఉంటే పగులుకు అటూ ఇటూ దాదాపు 36 మిల్లీమీటర్లు. ఏళ్ల కిందట గట్టిపడిన పాలిస్టర్ రెజిన్‌తో కొత్త రెజిన్ రసాయనికంగా కలవదు, కేవలం అంటుకుని పట్టుకుంటుంది. అందుకే గరుకు అంత ముఖ్యం, ముతక ఉప్పుకాగితమే వాడాలి. అరగదీసే ముందే సాల్వెంట్‌తో నూనె, మైనం తుడిచేయాలి. వరుస తప్పితే ఉప్పుకాగితం ఆ మైనాన్ని గరుకు గీతల్లోకి కూరుతుంది, తర్వాత ఎంత తుడిచినా రాదు.

నా లెక్కలో ముక్కలో మూడింట రెండు వంతులు గట్టిగా మోగితే అతుకే మేలు. కారుతో పాటు పుట్టిన ముక్క అది. దాని వంపులు, పక్క తలుపుతో దాని సందు, అన్నీ అప్పటికే కుదిరి ఉంటాయి. మూడింట ఒక వంతు కంటే ఎక్కువ చెడితే మాత్రం అతుకు మీద అతుకు పడుతూ బరువు పెరుగుతుంది, ఆకారం కొంచెం కొంచెంగా పక్కకు జరుగుతుంది.

అప్పుడు అచ్చు. ఇక్కడ కొత్తవారికి మింగుడుపడని విషయం ఒకటుంది. అచ్చు తీయాలన్నా పాత ముక్కను ముందు బాగుచేయాల్సిందే. బలం కోసం కాదు, పైకి నునుపుగా కనిపించడం కోసం. పాత ముక్క మీద ఉన్న ప్రతి గుంటా, ప్రతి గీతా అచ్చులోకి దిగుతుంది, అచ్చు నుంచి కొత్త ముక్కలోకి వస్తుంది. పుట్టీ, ప్రైమర్, తర్వాత 400 నుంచి 1200 నంబరు వరకు నీటితో రుద్దే ఉప్పుకాగితం, పాలిష్, ఆపైన మైనం. కొత్త ఉపరితలానికి ఐదారు పూతల మైనం, పూతకూ పూతకూ మధ్య విరామం. దాని మీద అచ్చు అతుక్కోకుండా ఆపే పి.వి.ఎ. పొర కూడా పోస్తే నిద్ర పడుతుంది.

అచ్చు ముక్క కంటే కనీసం రెండింతలు మందంగా ఉండాలి. ముక్క 3 మిల్లీమీటర్లయితే అచ్చు 6 నుంచి 8. ఇక్కడ తొందర అసలు పనికిరాదు. నా మొదటి అచ్చుకు ఒకే సాయంత్రం ఐదు పొరల మ్యాట్ వేశాను. రెజిన్ గట్టిపడేటప్పుడు పుట్టే వేడి పొర మీద పొరగా చేరింది. తెల్లారి చూస్తే అంచుల్లో జెల్‌కోటు లేచిపోయి ఉంది, అచ్చు తమలపాకులా మెలితిరిగింది. ఇప్పుడు జెల్‌కోటు తర్వాత 300 గ్రాముల పలచని మ్యాట్ ఒక్కటే వేసి, బుడగలన్నీ రోలర్‌తో వెళ్లగొట్టి, రాత్రంతా వదిలేస్తాను. ఆ తర్వాత రోజుకు రెండు పొరలకు మించి వేయను. చెక్క చట్రాన్ని కూడా అచ్చు బాగా గట్టిపడ్డాకే వెనుక అతికిస్తాను. పాత ముక్కను మాత్రం చట్రం పడేదాకా లోపలే ఉంచుతాను.

మడ్‌గార్డు అంచు లోపలికి మడిచి ఉంటే ఒకే ముక్క అచ్చు పనికిరాదు, లోపలిది బయటకు రాదు. అంచు వెంబడి బోల్టులతో బిగించే రెండు మూడు ముక్కల అచ్చు కావాలి. ఇంకోటి, ఎడమ అచ్చులో కుడి మడ్‌గార్డు రాదు. రాసేటప్పుడు నవ్వొస్తుంది గానీ, అచ్చు ఖర్చును రెండు ముక్కలకు పంచి లెక్కవేసుకున్నవారు ఉన్నారు. చేతితో మలిచిన నమూనాల నుంచి పుట్టిన కార్లలో రెండు వైపులూ అచ్చంగా ఒకేలా ఉండకపోవడం కూడా మామూలే. ఒక వైపు కొలతలు తిరగేసి రెండో వైపుకు సరిపోతాయని నమ్మవద్దు.

ఖర్చు మాటకొస్తే, 450 గ్రాముల మ్యాట్ మూడు పొరలు వేస్తే దాదాపు 3 మిల్లీమీటర్ల మందం వస్తుంది. చదరపు మీటరుకు గాజు 1.35 కిలోలు, రెజిన్ 3 కిలోల దాకా, జెల్‌కోటుతో కలిపి ముక్క 5 కిలోలకు దగ్గర. అచ్చుకు దాని రెట్టింపు, ఒక్కోసారి అంతకు మించి. అంటే ఒకే మడ్‌గార్డు కోసం మూడు మడ్‌గార్డుల సరుకు కొంటున్నారు. అయినా అతుకు కుదరనప్పుడు నేను ఎంచుకునేది అచ్చునే, ఎందుకంటే పాత ముక్కను మించిన నమూనా లేదు. అది పగిలినా సరే, ఆకారాన్ని గుర్తుపెట్టుకుని ఉంటుంది.

ఆ ముక్క అసలు లేకపోతేనే ఫోమ్. చెక్కిన ఫోమ్ మీద నేరుగా గాజు పరిచి ముక్కను చేస్తే బయటి వైపు గరుకుగా మిగులుతుంది. దాన్ని పుట్టీతో నింపి అరగదీయడానికి పట్టే గంటలు అచ్చు పనిని మించిపోతాయి, బరువూ పెరుగుతుంది. గాలి తీసుకునే చిన్న తూము, డ్యాష్‌బోర్డు లాంటి ఒంటరి ముక్కలకు ఇది చక్కగా సరిపోతుంది. పాత మడ్‌గార్డు పక్కన నిలబడాల్సిన కొత్త మడ్‌గార్డుకు మాత్రం చివరి దారి. థర్మోకోల్ మీద పాలిస్టర్ రెజిన్ పోయవద్దు. అందులోని స్టైరిన్ అనే ద్రావకం థర్మోకోల్‌ను చూస్తుండగానే కరిగిస్తుంది. పాలీయురేథేన్ ఫోమ్ తట్టుకుంటుంది, లేదా స్టైరిన్ లేని ఎపాక్సీ రెజిన్ వాడాలి.

ఇప్పుడు రెజిన్. బలంలో, అంటుకునే శక్తిలో ఎపాక్సీదే పైచేయి, గట్టిపడేటప్పుడు కుంచించుకుపోవడమూ తక్కువే. అలాగని బాడీ ముక్కలన్నీ ఎపాక్సీతో చేయడం తెలివైన పని కాదు. మామూలు తరిగిన పోగుల మ్యాట్‌లో పోగులను పట్టి ఉంచే జిగురు పాలిస్టర్‌లోని స్టైరిన్‌లో కరుగుతుంది. అప్పుడే మ్యాట్ మెత్తబడి వంపుల్లోకి ఒదుగుతుంది. ఎపాక్సీలో స్టైరిన్ ఉండదు కాబట్టి ఆ జిగురు కరగదు. మ్యాట్ అట్టముక్కలా నిక్కి నిలబడుతుంది, సరిగా తడవదు. ఎపాక్సీ కావాలంటే నేసిన గాజు గుడ్డకు మారాలి.

అలవాట్లూ వేరు. పాలిస్టర్‌కు దాన్ని గట్టిపరిచే ఎం.ఇ.కె.పి. 1 నుంచి 2 శాతం కలుపుతాం. చలిగా ఉంటే కొంచెం పెంచి, వేడిగా ఉంటే కొంచెం తగ్గించి పని నడిపించవచ్చు. ఎపాక్సీలో ఆ వెసులుబాటు లేదు. డబ్బా మీద రాసిన పాళ్లే ప్రమాణం. త్వరగా ఆరాలని హార్డెనర్ ఎక్కువ పోస్తే, కలవడానికి జత దొరకని హార్డెనర్ లోపలే మిగిలిపోయి ముక్క మెత్తగా ఉండిపోతుంది. పైగా గది వేడిలోనే గట్టిపడిన చాలా ఎపాక్సీలు 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది. ఎండలో నిలబెట్టిన నల్ల బానెట్ ఆ వేడిని సులువుగా దాటుతుంది. అలాంటి ముక్కను తర్వాత నెమ్మదిగా వేడిచేసి ముదరబెట్టాలి, గ్యారేజీలో అంత పెద్ద పొయ్యి ఎవరికి ఉంటుంది?

రెండూ కలిపి వాడేటప్పుడు దారి ఒకవైపే తెరిచి ఉంటుంది. గట్టిపడిన పాలిస్టర్ మీద ఎపాక్సీ బాగా పట్టుకుంటుంది. గట్టిపడిన ఎపాక్సీ మీద పాలిస్టర్‌ను నమ్మలేం. కాబట్టి పైన మళ్లీ జెల్‌కోటు రావాల్సిన అతుకుకు పాలిస్టరే, రంగు వేయబోయే అతుకుకు ఎపాక్సీ. కీలు పట్టీలు, ఇనుప బిగింపులు అతికించడానికి ఎపాక్సీకి సాటి లేదు. అచ్చు లోపలి మొదటి పొరలకు వినైల్ ఎస్టర్ రెజిన్ దొరికితే వాడండి, వేడిని పాలిస్టర్ కంటే మెరుగ్గా ఓర్చుకుంటుంది.

గుడ్డా, మ్యాటా అన్న చర్చను నేను తొందరగా ముగిస్తాను. బాడీ ముక్కకు కావాల్సింది తెగని బలం కంటే వంగని బిగువు. ఆ బిగువు మందం ఘనానికి తగ్గట్టు పెరుగుతుంది, మందం రెట్టింపైతే బిగువు ఎనిమిది రెట్లు. మందాన్ని చవకగా ఇచ్చేది మ్యాట్. గుడ్డ నేత కొన్ని ఎండలు తగిలాక రంగు కింద నుంచి తేలి కనిపిస్తుంది కూడా. పందెం కారు బరువు తగ్గించడమే గురి అయితే గుడ్డ, ఎపాక్సీ, గాలి లాగేసి పొరలను నొక్కే వాక్యూమ్ సంచి అన్నీ అర్థవంతమే. ఒక మడ్‌గార్డు కోసం వాక్యూమ్ పంపు కొనడం మాత్రం పనిముట్ల మీద మోజు, అంతే. వెడల్పు బానెట్ ఊగుతుంటే ఇంకో పొర వేయడం కంటే, అది ఇంకా అచ్చులో ఉండగానే లోపలి వైపు ఫోమ్ పట్టీ పెట్టి మీద మ్యాట్ కప్పి పక్కటెముకలు చేయండి.

జాగ్రత్తల్లో రెండు మాత్రం నొక్కి చెబుతాను. ఎం.ఇ.కె.పి. ఒక చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు, రక్షణ కళ్లద్దాలు లేకుండా మూత కూడా తీయవద్దు. గట్టిపడే వేగం పెంచే కోబాల్ట్ యాక్సిలరేటర్ విడిగా వచ్చే రెజిన్ అయితే దాన్నీ ఎం.ఇ.కె.పి.నీ నేరుగా ఎప్పుడూ కలపవద్దు, పేలుతుంది. ఒకటి రెజిన్‌లో పూర్తిగా కలిశాకే రెండోది. ఎపాక్సీకి ఆ ఘాటు వాసన ఉండదు, అందుకే చేతి తొడుగుల మీద అశ్రద్ధ పెరుగుతుంది. ఒకసారి ఒంటికి పడని స్థితి వచ్చిందంటే మళ్లీ ఆ పని చేయలేని వారు చాలామంది ఉన్నారు.

కొత్త ముక్కను అచ్చు నుంచి తీసే తొందర అందరికీ ఉంటుంది. రెజిన్ తోలులా ఉన్న దశలో అంచులను కత్తితో కోసుకుని, తర్వాత కొన్ని రోజులు అచ్చులోనే వదలండి. పచ్చిగా తీసిన ముక్క తన బరువుకే వంగి, ఆ వంపులోనే గట్టిపడుతుంది. బోల్టు రంధ్రాలను పాత ముక్క చూసి వేయకండి. ఏళ్లు గడిచాక ఛాసిస్ కూడా కొంత జరిగి ఉంటుంది. తలుపు బిగించి మూసి, మడ్‌గార్డును క్లాంపులతో నిలిపి, సందు పైనా కిందా ఒకేలా వచ్చాక అక్కడే గుర్తు పెట్టి అప్పుడు డ్రిల్ చేతికి తీసుకోండి.